వెబ్ ఫారంలో రిచ్ టెక్స్ట్ ఎడిటర్: చెదిరే లేఅవుట్, దాని దిద్దుబాటు

వెబ్ ఫారంలో రాసే పాఠ్యానికి బొద్దు అక్షరాలు, శీర్షికలు, జాబితాలు, లింకులు, బొమ్మలు చేర్చుకునే వీలు కల్పించే సాధనం రిచ్ టెక్స్ట్ ఎడిటర్. విలేకరి వార్త ఎక్కించే పేజీలో, కళాశాల నోటీసు పెట్టే పేజీలో, ఆన్‌లైన్ దుకాణం సరుకు వివరాలు నింపే పేజీలో ఇదే కనిపిస్తుంది. అప్పటిదాకా చక్కగా ఉన్న ఫారం దీన్ని చేర్చగానే చెదిరిపోవడం వెబ్ డెవలపర్లందరికీ ఎదురయ్యే సంగతే. పక్క కాలమ్ కిందికి జారుతుంది, సమర్పించు బటన్ ఎడిటర్ కింద దాక్కుంటుంది, ఫోన్‌లో పేజీ అడ్డంగా స్క్రోల్ అవుతుంది. ఈ లక్షణాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు కనిపించినా చాలావరకు మూలం ఒక్కటే. బ్రౌజర్‌కు పుట్టుకతో తెలిసిన ఒక ఫీల్డును తీసేసి, ఆ చోట ఒక చిన్న అప్లికేషన్‌ను కూర్చోబెట్టాం. పాత ఫీల్డు వెడల్పు, ఎత్తు, లేబుల్, తనిఖీ, సమర్పణ వంటివన్నీ అడగకుండానే చూసుకునేది. కొత్తగా వచ్చినదానికి వాటిని మనమే ఏర్పాటు చేయాలి.

టెక్స్ట్‌ఏరియా నుంచి ఎడిటర్ దాకా

అనేక పంక్తులు రాసుకునే టెక్స్ట్‌ఏరియా 1995 నవంబరులో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 2.0 నిర్దేశంలోనే ఉంది. దాని పరిమాణాన్ని అడ్డు వరుసలు, నిలువు వరుసల లెక్కలో చెప్పేవారు. ఏమీ చెప్పకపోతే రెండు వరుసలు, ఇరవై అక్షరాల వెడల్పు అన్నది నేటి ప్రమాణం. అందులో పట్టేది సాదా అక్షరాలే.

2000లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5.5 పేజీలోని ఏ భాగాన్నైనా నేరుగా దిద్దుకునేలా చేసే కంటెంట్‌ఎడిటబుల్ లక్షణాన్ని తెచ్చింది. మొజిల్లా 2003లో విడుదల చేసిన 1.3 కూర్పు వేరే దారి పట్టింది. అందులో పేజీలోని ఒక ముక్కను దిద్దడం కుదరదు, మొత్తం డాక్యుమెంటును డిజైన్‌మోడ్‌లోకి మార్చాల్సిందే. రెండు బ్రౌజర్లలోనూ పనిచేయాలంటే ఎడిటర్ తయారీదారులకు మిగిలిన మార్గం ఒకటే: ఫారం మధ్యలో ఒక ఐఫ్రేమ్ పెట్టి, దాని లోపలి డాక్యుమెంటును దిద్దుబాటుకు తెరవడం. 2003లో ఎఫ్‌సీకేఎడిటర్, 2004లో టైనీఎంసీఈ ఈ పరిస్థితుల్లోనే పుట్టాయి. 2005 డిసెంబరులో వర్డ్‌ప్రెస్ 2.0 టైనీఎంసీఈని తనలో కలుపుకోవడంతో సాధారణ బ్లాగర్లకూ ఇలాంటి ఎడిటర్ అలవాటైంది. ఫైర్‌ఫాక్స్ 3 ద్వారా 2008లో కంటెంట్‌ఎడిటబుల్ మొజిల్లా వైపూ చేరాక ఐఫ్రేమ్ తప్పనిసరి కాకుండా పోయింది. ఎఫ్‌సీకేఎడిటర్ 2009లో సీకేఎడిటర్‌గా పేరు మార్చుకుంది. ఆ తర్వాతి తరంలోని క్విల్, ప్రోజ్‌మిర్రర్, దాని మీద కట్టిన టిప్‌ట్యాప్, మెటా సంస్థ 2022లో బయటపెట్టిన లెక్సికల్ వంటివన్నీ పేజీలోని ఒక డివ్ లోపలే నడుస్తాయి.

ఈ చరిత్ర లేఅవుట్‌కు నేరుగా సంబంధించినది. ఐఫ్రేమ్‌లో ఉన్న ఎడిటర్‌కు పేజీ స్టైళ్లు సోకవు, అయితే దాని ఎత్తు లోపలి పాఠ్యాన్ని బట్టి తనంతట తాను పెరగదు. డివ్‌లో ఉన్న ఎడిటర్ పాఠ్యంతో పాటు పెరుగుతుంది, కానీ పేజీలోని ప్రతి స్టైల్ నియమమూ దాని మీద పడుతుంది. తన ఎడిటర్ ఏ తరహాదో తెలియకుండా మరమ్మతు మొదలుపెట్టిన డెవలపర్ సగం సమయం తప్పు చోట వెతుకుతాడు.

చేర్చిన క్షణంలో జరిగేది

టెక్స్ట్‌ఏరియాకు తగిలించే ఎడిటర్ మొదట ఆ టెక్స్ట్‌ఏరియాను కనబడకుండా దాచేస్తుంది. దాని పక్కన టూల్‌బార్, రాసే చోటు ఉన్న ఒక కొత్త డివ్‌ను చొప్పిస్తుంది. ఇక టెక్స్ట్‌ఏరియా పేరు మీద రాసుకున్న వెడల్పు, అంచు, ఖాళీ నియమాలన్నీ కంటికి కనిపించని వస్తువుకే వర్తిస్తుంటాయి. పది వరుసలు అని రాసిన లక్షణానికీ విలువ ఉండదు.

క్విల్ పద్ధతి వేరు. అది టెక్స్ట్‌ఏరియా జోలికి పోదు. మనం చూపించిన డివ్‌ను రాసే చోటుగా మార్చుకుని, టూల్‌బార్‌ను ఆ డివ్‌కు ముందు తోబుట్టువుగా చేరుస్తుంది. అంటే ఒక్క మూలకం ఉన్న చోట రెండు తయారవుతాయి. ఎడమ కాలమ్‌లో లేబుల్, కుడి కాలమ్‌లో ఫీల్డు ఉండేలా గ్రిడ్‌తో కట్టిన ఫారంలో దీని ఫలితం వింతగా ఉంటుంది. లేబుల్ పక్కన టూల్‌బార్ వచ్చి కూర్చుంటుంది, రాసే చోటు తర్వాతి వరుసలో ఇరుకైన లేబుల్ కాలమ్‌లోకి పోతుంది, అక్కడి నుంచి కింది ఫీల్డులన్నీ ఒక్కో గడి తప్పుతాయి. ఎడిటర్‌ను ఎప్పుడూ తనకంటూ ఒక డివ్‌లో చుట్టి, గ్రిడ్‌కు ఆ చుట్టు డివ్‌ను మాత్రమే చూపించాలి. ఏ ఎడిటర్ వాడినా ముందుగా చేయాల్సిన పని ఇదే. వెడల్పు, ఎత్తు, తప్పు జరిగినప్పటి ఎర్ర అంచు అన్నీ ఈ చుట్టు డివ్‌కే ఇస్తే, రేపు ఎడిటర్ మార్చినా ఫారం చెక్కుచెదరదు.

వెడల్పు

ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దీనివే. ఎడిటర్‌కు నూరు శాతం వెడల్పు ఇచ్చినా అది పెట్టె దాటి బయటికి వస్తుంది. డెవలపర్ వెంటనే ఎడిటర్ వెడల్పును 600 పిక్సెళ్లకు బిగిస్తాడు. ఫోన్ తెర 360 పిక్సెళ్లే కనుక అక్కడ మళ్లీ పొంగుతుంది.

కారణం ఫ్లెక్స్‌బాక్స్‌లోని ఒక మొదటి విలువలో ఉంది. ఫ్లెక్స్ పెట్టెలోని ప్రతి వస్తువుకూ కనీస వెడల్పు సున్నా కాదు, ఆటో. ఆటో అంటే లోపలి సరుకు విరగకుండా పట్టేంత వెడల్పు కంటే తగ్గనివ్వవద్దని అర్థం. మామూలు టెక్స్ట్‌ఏరియాకు శైలి నియమాలతో వెడల్పు ఇచ్చాక ఈ ఇబ్బంది రాదు. ఎడిటర్ లోపల మాత్రం ఒకే వరుసలో నిలబడ్డ ఇరవై బటన్లు, ఎవరో అతికించిన వెడల్పాటి పట్టిక, ఎక్కడా ఖాళీ లేని పొడవాటి వెబ్ చిరునామా ఉండవచ్చు. వాటిలో పెద్దదే కనీస వెడల్పు అయి కూర్చుంటుంది. ఎడిటర్ ఉన్న ఫ్లెక్స్ వస్తువుకు మిన్-విడ్త్ సున్నా అని రాస్తే సమస్య తీరుతుంది. గ్రిడ్‌లోనూ ఇదే కథ. ఒక ఫ్రాక్షన్ అని రాసిన కాలమ్‌కు కూడా కనీస విలువ ఆటోనే. మిన్‌మాక్స్ ప్రమేయంలో కనీసం సున్నా, గరిష్ఠం ఒక ఫ్రాక్షన్ అని విడమరిచి రాయాలి.

ఇవన్నీ చేసినా పెట్టె కుదించుకోకపోతే ఫీల్డ్‌సెట్‌ను అనుమానించాలి. ఫారంలోని ఫీల్డులను ఒక గుంపుగా చూపే ఈ మూలకానికి బ్రౌజర్లే లోపలి సరుకుకు సరిపడా కనీస వెడల్పును ముందే ఇచ్చి ఉంచుతాయి. డెవలపర్ రాసిన స్టైల్ ఫైళ్లలో అది ఎక్కడా కనిపించదు కనుక గంటల తరబడి వెతికినా దొరకదు. ఫీల్డ్‌సెట్‌కు కూడా మిన్-విడ్త్ సున్నా ఇవ్వాలి. ఇప్పటికీ పట్టికలతో కట్టిన పాత ఆఫీసు ఫారాల్లోనైతే పట్టికకు ఒక వెడల్పు చెప్పి, టేబుల్-లేఅవుట్ విలువను ఫిక్స్‌డ్‌గా మార్చాలి. లేకపోతే గడి లోపలి సరుకును బట్టి పట్టిక సాగుతూనే ఉంటుంది.

విరగని పొడవాటి మాటలకు ఓవర్‌ఫ్లో-ర్యాప్ లక్షణం ఉంది. ఇందులో బ్రేక్-వర్డ్, ఎనీవేర్ అనే విలువలు రెండూ తెర మీద మాటను ఒకేలా విరుస్తాయి. తేడా లెక్కలో ఉంది. కనీస వెడల్పు లెక్కించేటప్పుడు బ్రేక్-వర్డ్ వల్ల వచ్చే విరుపులను బ్రౌజర్ పరిగణించదు, ఎనీవేర్ వల్ల వచ్చేవాటిని పరిగణిస్తుంది. అందుకే ఎడిటర్ లోపలి పాఠ్యానికి ఎనీవేర్ ఇవ్వడమే మేలు.

టూల్‌బార్ సంగతి కూడా చూడాలి. సీకేఎడిటర్ 5 చోటు చాలనప్పుడు మిగిలిన బటన్లను ఒక మెనూలోకి మడిచేస్తుంది. టైనీఎంసీఈలో టూల్‌బార్‌ను మడవాలా, రెండో వరుసకు దింపాలా, పక్కకు జరపాలా అన్నది అమరికల్లో ఎంచుకోవచ్చు. కానీ పెట్టె కుదించుకోనంతకాలం ఈ తెలివి పనిచేయదు, ఎందుకంటే చోటు చాలడం లేదని ఎడిటర్‌కు తెలిసే అవకాశమే ఉండదు. కనుక ముందు పెట్టెను సరిచేసి, ఆ తర్వాతే టూల్‌బార్ జోలికి వెళ్లాలి.

ప్యాడింగ్, అంచు కలిసి నూరు శాతాన్ని మించడం పాత జబ్బు. బాక్స్-సైజింగ్‌ను బార్డర్-బాక్స్ చేయడం నేడు దాదాపు అన్ని సైట్లలో ఉన్న అలవాటే కనుక ఇక్కడ ఎక్కువ చెప్పనక్కర్లేదు.

ఎత్తు

క్విల్‌ను రియాక్ట్‌తో వాడేవారికి బాగా తెలిసిన దృశ్యం ఒకటుంది. ఎడిటర్‌కు 200 పిక్సెళ్ల ఎత్తు ఇస్తారు, కింద ఉన్న బటన్ మీదికి ఎడిటర్ అడుగు భాగం ఎక్కుతుంది. చుట్టు డివ్‌కు 200 పిక్సెళ్లు దక్కాయి, లోపలి రాసే పెట్టె ఆ మొత్తం ఎత్తులో నూరు శాతం తీసుకుంది, దాని పైన టూల్‌బార్ అదనంగా చేరింది. సరిగ్గా టూల్‌బార్ ఎత్తు మేరకు పొంగు బయటపడుతుంది. కింద మార్జిన్ పెంచి దీన్ని కప్పిపుచ్చేవారు ఎక్కువ. టూల్‌బార్ రెండు వరుసలైన రోజు ఆ మార్జిన్ చాలదు. చుట్టు డివ్‌ను నిలువు ఫ్లెక్స్‌గా మార్చి, రాసే పెట్టె మిగిలిన చోటును మాత్రమే తీసుకునేలా చేసి, దాని కనీస ఎత్తును సున్నా చేసి, లోపల స్క్రోల్ ఇవ్వడమే నిలిచే మందు.

సీకేఎడిటర్ 5లో ఎత్తును టెక్స్ట్‌ఏరియాకు ఇస్తే పనిచేయదు. రాసే భాగానికి ఎడిటర్ పెట్టుకున్న క్లాసుకు కనీస ఎత్తు రాయాలి. టైనీఎంసీఈలో ఎత్తును ఎడిటర్‌ను మొదలుపెట్టే అమరికల్లోనే చెప్పాలి.

ఐఫ్రేమ్‌కు ఏ కొలతా చెప్పకపోతే బ్రౌజర్ 300 పిక్సెళ్ల వెడల్పు, 150 పిక్సెళ్ల ఎత్తు ఇస్తుంది. ఎడిటర్ ఎందుకో సరిగ్గా ఆ పరిమాణంలో కనిపిస్తుంటే స్టైల్ ఫైలు అందలేదనో, అమరిక పట్టలేదనో అర్థం. లోపలి పాఠ్యంతో పాటు పెరిగే సదుపాయాన్ని వాడేటప్పుడు మరో ప్రమాదం పొంచి ఉంటుంది. సైట్ స్టైల్ ఫైలును యథాతథంగా ఐఫ్రేమ్‌లోకి ఎక్కిస్తారు. అందులో బాడీ కనీస ఎత్తు తెర ఎత్తంత ఉండాలని రాసి ఉంటుంది. ఐఫ్రేమ్ లోపల తెర అంటే ఆ ఐఫ్రేమే. పాఠ్యం ఎత్తు చూసి ఐఫ్రేమ్ పెరుగుతుంది, ఐఫ్రేమ్ పెరిగింది కనుక బాడీ పెరుగుతుంది, బాడీకి ఉన్న మార్జిన్ మేరకు మళ్లీ ఐఫ్రేమ్ పెరుగుతుంది. ఎడిటర్ కళ్లెదుటే పేజీ అడుక్కు సాగిపోతుంటే మొదట చూడాల్సింది ఈ ఒక్క పంక్తినే.

పేజీ తెరిచిన కాసేపటికి ఎడిటర్ లోడవడం వల్ల కింది ఫీల్డులు ఒక్కసారిగా దిగజారడం ఇంకో ఇబ్బంది. వాడుకరి ఒక బటన్ నొక్కబోతుండగా అది జారిపోతుంది. గూగుల్ కొలమానాల్లో ఇలాంటి కదలికల మొత్తం 0.1 లోపు ఉంటేనే పేజీ బాగున్నట్టు. చుట్టు డివ్‌కు ఎడిటర్ పట్టేంత కనీస ఎత్తును ముందే కేటాయిస్తే ఈ కుదుపు ఉండదు.

ట్యాబ్‌లలో, మడతపెట్టిన భాగాల్లో దాగి ఉన్న పెట్టెలో ఎడిటర్‌ను మొదలుపెడితే కొలతలన్నీ సున్నాగా వస్తాయి. కోడ్ రాసుకునే కోడ్‌మిర్రర్ పాత కూర్పుల్లో ట్యాబ్ తెరిచాక రిఫ్రెష్ పిలవకపోతే తెర ఖాళీగా ఉండేది. ట్యాబ్ కనిపించాకే ఎడిటర్‌ను మొదలుపెట్టడం అన్నిటికంటే సులువు.

స్టైళ్ల కలగాపులగం

ఫారంలోని బటన్లన్నీ పూర్తి వెడల్పు ఉండాలని ఎవరో ఎప్పుడో రాసిన ఒక్క పంక్తి చాలు, టూల్‌బార్‌లోని ప్రతి బటన్ ఒక్కో వరుసను ఆక్రమించడానికి. ఇన్‌పుట్‌లన్నీ బ్లాక్‌గా ఉండాలి, లేబుళ్లన్నీ ఎడమకు తేలాలి వంటి నియమాలు ఎడిటర్ డైలాగులను కూడా ఛిన్నాభిన్నం చేస్తాయి. రెండో వైపు నుంచి వచ్చే దెబ్బ ఇంకా తికమక పెడుతుంది. టెయిల్‌విండ్ వంటి చట్రాలు అన్ని శీర్షికలనూ మామూలు అక్షరాల పరిమాణానికి తెస్తాయి, జాబితాల చుక్కలు తీసేస్తాయి. వాడుకరి శీర్షిక బటన్ నొక్కుతాడు, తెర మీద ఏ మార్పూ ఉండదు. ఎడిటర్ చెడిపోయిందనుకుంటాడు. నిజానికి లోపల శీర్షిక తయారైంది, చూపించే స్టైల్ లేదంతే. రాసే చోటుకు ప్రచురించిన పేజీలో వాడే పాఠ్య స్టైల్ క్లాసునే ఇవ్వాలి. రాసేటప్పుడు చూసినదే పాఠకుడికీ కనిపించాలి కదా.

ఇలాంటి చోట ఇంపార్టెంట్ గుర్తుతో ఒక్కో నియమాన్ని అణచివేయడం అందరూ మొదట పట్టే దారి. అది చివరికి ఎవరూ ముట్టుకోలేని స్టైల్ ఫైలును మిగులుస్తుంది. 2022 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నింటిలో ఉన్న కాస్కేడ్ లేయర్లు ఇంతకంటే శుభ్రమైన మార్గం. సైట్ సాధారణ నియమాలను ఒక లేయర్‌లో ఉంచితే, లేయర్ బయట ఉన్న ఎడిటర్ స్టైళ్లే నెగ్గుతాయి. ఫారం నియమాలను మూలకాల పేర్ల మీద కాకుండా క్లాసుల మీద రాసుకోవడం అంతకన్నా పాత, అంతే మంచి అలవాటు.

టిప్‌ట్యాప్ వంటి ఎడిటర్లు టూల్‌బార్ ఇవ్వవు, డెవలపరే కట్టుకోవాలి. అక్కడ మరచిపోకూడని సంగతి ఒకటి ఉంది. ఫారం లోపలి బటన్‌కు రకం చెప్పకపోతే బ్రౌజర్ దాన్ని సమర్పించే బటన్‌గానే భావిస్తుంది. అక్షరాలు బొద్దు చేద్దామని నొక్కితే సగం నింపిన ఫారం సర్వర్‌కు వెళ్లిపోతుంది. ప్రతి టూల్‌బార్ బటన్‌కూ బటన్ అనే రకాన్ని స్పష్టంగా రాయాలి.

పైకి తేలేవి, అతుక్కునేవి

ఎడిటర్ మెనూ సగానికి తెగి కనిపిస్తే ఏదో ఒక తాత మూలకానికి ఓవర్‌ఫ్లో హిడెన్ ఉన్నట్టు. స్క్రోల్ చేసినా పైన నిలవాల్సిన టూల్‌బార్ నిలవకపోవడానికీ తరచుగా అదే కారణం, ఎందుకంటే స్టికీ స్థానం దగ్గరలోని స్క్రోల్ పెట్టెనే ఆధారం చేసుకుంటుంది. మెనూ వేరే దాని వెనక్కి పోతే జెడ్-ఇండెక్స్ చూడాలి. బూట్‌స్ట్రాప్ పాపప్ విండోలు వెయ్యికి పైబడిన అంకెలు వాడతాయి. టైనీఎంసీఈ వంటివి తమ డైలాగులను బాడీ చివరన చేరుస్తాయి కనుక బూట్‌స్ట్రాప్ విండో ఫోకస్‌ను వాటికి పోనివ్వదు. లింకు చిరునామా రాసే పెట్టె కనిపిస్తుంది, అందులో ఒక్క అక్షరం కూడా పడదు. ఎడిటర్ డైలాగు నుంచి వచ్చే ఫోకస్ సంఘటనను ఆ విండోకు చేరకుండా ఆపడమే పరిష్కారం. బ్రౌజర్ సొంత డైలాగ్ మూలకాన్ని మోడల్‌గా తెరిస్తే అది అన్నిటికీ పైపొరలో ఉంటుంది. అక్కడ ఎంత పెద్ద జెడ్-ఇండెక్స్ అయినా పనికిరాదు, ఎడిటర్ మెనూలు ఆ డైలాగ్ లోపలే పుట్టేలా చేయాలి.

లేబుల్, తనిఖీ, కీబోర్డు

కంటికి సరిగ్గా కనిపించే ఫారం పనిలో తప్పవచ్చు. లేబుల్ మీద నొక్కితే డివ్‌లోకి కర్సర్ రాదు, ఎందుకంటే హెచ్‌టీఎంఎల్ లేబుల్‌ను ఇన్‌పుట్, సెలెక్ట్, టెక్స్ట్‌ఏరియా వంటి కొన్ని మూలకాలకే ముడిపెడుతుంది. నొక్కినప్పుడు ఎడిటర్‌కు ఫోకస్ ఇచ్చే రెండు పంక్తుల స్క్రిప్టు రాయాలి. చూపులేనివారు వాడే స్క్రీన్ రీడర్ ఆ పెట్టె పేరు చదవాలంటే ఆరియా-లేబుల్డ్‌బై లక్షణంతో లేబుల్‌ను చూపించాలి. దాచేసిన టెక్స్ట్‌ఏరియాకు తప్పనిసరి అన్న గుర్తు ఉండిపోతే మరీ ప్రమాదం. బ్రౌజర్ సమర్పణను ఆపుతుంది, తప్పు ఎక్కడుందో చూపడానికి ఆ ఫీల్డు తెర మీద లేదు, వాడుకరికి బటన్ చచ్చినట్టు అనిపిస్తుంది. ఆ గుర్తు తీసేసి తనిఖీని స్క్రిప్టులో, సర్వర్‌లో చేయాలి. ఆ తనిఖీలోనూ జాగ్రత్త కావాలి. ఏమీ రాయని క్విల్ కూడా ఒక ఖాళీ పేరాను విలువగా ఇస్తుంది.

ట్యాబ్ కీతో ఎడిటర్‌లోకి వెళ్లినవారు కీబోర్డుతోనే బయటికి రాగలగాలని వెబ్ సౌలభ్య ప్రమాణాలు చెబుతున్నాయి. టైనీఎంసీఈ, సీకేఎడిటర్ రెండింటిలోనూ ఆల్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే టూల్‌బార్‌కు చేరవచ్చు. ఈ సంగతి ఫారంలో ఒక చిన్న వాక్యంగా రాసి ఉంచడం మంచిది.

తెలుగు పాఠ్యంతో వచ్చే చిక్కులు

ఎడిటర్ల మొదటి స్టైళ్లను ఎక్కువగా రోమన్ లిపి చూసి రాశారు. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. ఒకటింబావు రెట్ల లైన్-హైట్‌లో పై పంక్తి వత్తు కింది పంక్తి గుడిని తాకుతుంది, ఓవర్‌ఫ్లో హిడెన్ ఉన్న చిన్న పెట్టెల్లో వత్తులు తెగిపోతాయి. లైన్-హైట్‌ను పిక్సెళ్లలో కాకుండా ప్రమాణం లేని అంకెగా 1.6 నుంచి 1.8 మధ్య ఇస్తే అక్షరం పెంచినప్పుడు పంక్తి కూడా పెరుగుతుంది. ఐఫ్రేమ్ ఎడిటర్‌లోకి పేజీ ఫాంటు దిగదు, లోపలి స్టైళ్లలో దాన్ని మళ్లీ చెప్పాలి. అది మరిస్తే ఫారమంతా ఒక ఫాంటులో, రాసేది మరో ఫాంటులో కనిపిస్తుంది.

తెలుగులో మాటలు సంధితో, విభక్తితో కలిసి పొడవవుతాయి. ఇరుకు కాలమ్‌లో ఒక్క సమాసమే కనీస వెడల్పును పెంచగలదు కనుక పైన చెప్పిన ఎనీవేర్ విలువ మనకు మరింత అవసరం. బటన్ల మీద, మెనూల్లో పేర్లు తెలుగులో పెట్టినప్పుడు కూడా వెడల్పు పెరుగుతుంది, కొలతను ఆంగ్ల పేర్లతో చూసి ఖాయం చేయకూడదు.

అక్షరాల లెక్క చూపే పట్టీ ఇంకో చోటు. స్త్రీ అన్నది చదివేవారికి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. పట్టీ ఆరు అని చూపితే రాసేవారికి అన్యాయమే జరుగుతుంది. తాజా బ్రౌజర్లలో ఉన్న ఇంట్ల్.సెగ్మెంటర్ కంటికి కనిపించే అక్షరాల లెక్కనే ఇస్తుంది, తెలుగు ఫారాల్లో దాన్నే వాడాలి.

పరీక్షించే తీరు

లోపం ఎక్కడుందో తేల్చడానికి డెవలపర్ పరికరాల్లో ప్రతి మూలకానికీ ఒక ఔట్‌లైన్ గీయడం పాతదైనా నమ్మదగిన పద్ధతి. అంచు కాకుండా ఔట్‌లైన్ ఎందుకంటే అది కొలతలను మార్చదు. ఎడిటర్ నుంచి మొదలుపెట్టి ఒక్కో తల్లి మూలకం పైకి ఎక్కుతూ, లోపలి వెడల్పు కనిపించే వెడల్పును ఎక్కడ మించిందో చూడాలి. తప్పు దాదాపు ఎప్పుడూ ఎడిటర్‌లో ఉండదు, రెండు మూడు మెట్లు పైనున్న పెట్టెలో ఉంటుంది. ఖాళీ ఎడిటర్‌తో పరీక్షిస్తే ఏదీ బయటపడదు. పొడవాటి లింకు, వెడల్పాటి పట్టిక, పెద్ద బొమ్మ, రెండు పేజీల తెలుగు పాఠ్యం అతికించి చూడాలి. సౌలభ్య ప్రమాణాల ప్రకారం 320 పిక్సెళ్ల వెడల్పులో కూడా పేజీ అడ్డంగా స్క్రోల్ కాకూడదు.

అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న, ఆ ఫీల్డుకు ఎడిటర్ అవసరమా అన్నది. చిరునామా, ఫిర్యాదు, చిన్న వ్యాఖ్య రాయడానికి బొద్దు అక్షరాలు అక్కర్లేదు. టెక్స్ట్‌ఏరియా రాసినకొద్దీ పెరగాలన్నదే కోరిక అయితే ఫీల్డ్-సైజింగ్ అనే లక్షణం 2024 నుంచి క్రోమ్‌లో ఉంది. దాన్ని గుర్తించని బ్రౌజర్‌లోనూ మామూలు టెక్స్ట్‌ఏరియా ఎప్పటిలాగే పనిచేస్తుంది.